చిటికెడు ఇంగువలో కూడా గ్లూటెన్ ఉంటుందా?

అనంతపురం కోడలు: మా పాపకి సీలియాక్ అని తేలింది, అంటే గోధుమల్లాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు. గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ధాన్యమే, ఆవాలు కాదు) మూడూ ముట్టద్దన్నారు డాక్టరు. చపాతీ, సేమియా, బొంబాయి రవ్వ మానేశాం, అదేం పెద్ద కష్టం కాలేదు, సంగటి, జొన్నరొట్టె, బొరుగులు మనకి ఉండనే ఉన్నాయి. డౌటల్లా చిల్లర వాటి మీదే. ఇంగువ, సాంబారు పొడి, శనగపిండి ఎట్ల చెక్ చేసుకునేది? చిటికెడు ఇంగువకి ఏమైతుందిలే అంటాంది మా అత్తమ్మ.

ప్రొద్దుటూరు వంటిల్లు: ఆమెకి డబ్బా వెనక చూపించండక్కా. మనం కొనే ఇంగువ పొడి ఒట్టి ఇంగువ కాదు, అసలు ఇంగువంటే ఒక మొక్క జిగురు, దానికి ఘాటు ఎక్కువని పిండీ బంకా కలిపి అమ్ముతారు, ఆ పిండి చానా వాటిల్లో గోధుమపిండో మైదానో. బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి, చదివి తీసుకోండి. సాంబారు పొడి, రసం పొడిలో ఇంగువ పడుతుంది కాబట్టి అవి ఇంట్లో కొట్టుకోడమే మేలు. సీలియాక్‌కి కొంచెమే కదా అనే లెక్క లేదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటేనే కేజీకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్రం ఆహార భద్రత సంస్థ) రూలు, అంత తక్కువ.

కర్నూలు జొన్నరొట్టె: డబ్బాలు సరే, మర సంగతి ఎవురూ చెప్పరేంది. మీకంటే ముందు ఎవురో గోధుమలు పట్టించింటే ఆ పిండంతా రాళ్ళ సందుల్లోనే ఉంటాది, మీ జొన్నల్లోకి వచ్చేస్తది. చేతనైతే ఇంటికే చిన్న మర కొనుక్కోండి. శనగపిండి కూడా లూజుది వద్దు, మైదా కలిపినా కంటికి తెలీదు, పచ్చిశనగపప్పు తెచ్చి ఇంట్లోనే ఆడించుకోండి.

అనంతపురం కోడలు: మర గురించి నాకు తట్టనే లేదన్నా. మరి రాగి సేమియా, ఇడ్లీ రవ్వ, హార్లిక్స్?

ప్రొద్దుటూరు వంటిల్లు: ఇడ్లీ రవ్వ బియ్యందే, పర్లేదు. రాగి సేమియా పేరుకే రాగి, చానా బ్రాండ్లలో గోధుమో మైదానో కలుస్తాది. హార్లిక్స్ వద్దేవద్దు, దాంట్లో మాల్ట్ బార్లీదే. సోయా సాస్ మామూలుగా గోధుమ వేసే చేస్తారు. ఓట్స్ కూడా గ్లూటెన్ ఫ్రీ అని రాసుంటేనే, అదీ డాక్టర్ని అడిగే.

కదిరి తమ్ముడు: బయట ఉగ్గాని తినిపిస్తే బజ్జీ మాత్రం వద్దక్కా, పూరీలు కాల్చిన నూనెలోనే అవీ వేస్తారు.