అమ్మకి కుట్లు విప్పేశారు, ఇప్పుడు ఒక కాలు వాచింది

పలాస నుంచి ఒక కూతురు:

అమ్మకి 62 ఏళ్ళు. చాలా ఏళ్ళుగా జీడిపప్పు ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసింది, కాళ్ళ మీద నీలి నరాలు ఉబ్బి ఉంటాయి. 12 రోజుల క్రితం అపెండిక్స్ పగిలి, కడుపులో చీము చేరి, అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. అంతకుముందు రెండు రోజులు గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించాం, అంతా వాంతి చేసుకుంది. ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు మంచం దిగలేదు. ఇంటికొచ్చాక కుట్లు చీము పడతాయని పెద్దమ్మ నీళ్ళు గుక్కెడు గుక్కెడే ఇచ్చింది. మొన్న కుట్లు విప్పి, గాయం బాగుందన్నారు. నిన్న సాయంత్రం నుంచి ఎడమ కాలు మాత్రం వాచింది. పిక్క పట్టుకుంటే నొప్పి, వేడిగా ఉంది. పెద్దమ్మ ఆముదం వెచ్చబెట్టి రాస్తానంటోంది. ఆపరేషన్ కడుపుకి కదా, కాలితో ఏం సంబంధం? టెన్షన్‌గా ఉంది.

విజయనగరం, రిటైర్డ్ స్టాఫ్ నర్స్:

తల్లీ, ముందు ఆముదం పక్కన పెట్టించు. కాలు అస్సలు రుద్దొద్దు. ఇప్పుడే బయలుదేరి కాలి నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించండి. దారిలో ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చెయ్యి. కాలి నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది.

సర్జికల్ వార్డులో చాలా ఏళ్ళు చేశాను, కాబట్టి సంబంధం ఏమిటో చెప్పగలను. కదలకపోతే కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది. చీము, ఆపరేషన్ కోతల వల్ల రక్తానికి గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. వాంతులతో, నీళ్ళు తాగకపోవడంతో రక్తం చిక్కబడుతుంది. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే ఇవన్నీ సరిచూసుకునే వీలుంటుంది, అర్ధరాత్రి ఆపరేషన్‌కి ఆ వ్యవధి ఉండదు.

ఇలా గడ్డ కట్టే ముప్పు ఎంతో చూడటానికి డాక్టర్లు కాప్రిని స్కోర్ అని లెక్క వేస్తారు. నువ్వు రాసినదాన్నిబట్టి నేనే వేసి చూశాను. వయసుకి 2, ముప్పావుగంట దాటిన పెద్ద ఆపరేషన్‌కి 2, మూడు రోజులు మించి మంచంలో ఉన్నందుకు 2, ఉబ్బిన నరాలకి 1. ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి ఉంటే ఇంకో 1. 5 వస్తేనే ముప్పు ఎక్కువ అంటారు, మీ అమ్మకి కనీసం 7 వచ్చింది. కుట్లు విప్పడంతో ఈ ముప్పు పోదు, కొన్ని వారాలు ఉంటుంది. పెద్దమ్మని తిట్టకు. మా వార్డులోనూ బంధువులు దాహం అంటున్న మనిషికి ప్రేమతోనే నీళ్ళు ఆపేవారు. డాక్టర్ ఆపమంటే తప్ప ఆపకూడదు.

కవిటి నుంచి:

అక్కా, ఒక్క మాట. మనది ఉద్దానం ప్రాంతం, కిడ్నీ జబ్బులు ఎక్కువ. స్కాన్‌తోపాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. గడ్డలకి పొట్ట మీద చేసే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. మా నాన్నకి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక డాక్టర్ డోసు మార్చారు. అడగకపోయినా మీరే చెప్పండి.

పలాస నుంచి (మర్నాడు):

మోకాలి వెనక నరంలో గడ్డ ఉందట. క్రియాటినిన్ 2.1 వచ్చింది, మాకు ఇన్నాళ్ళూ తెలియదు. అడ్మిట్ చేసి, గడ్డ పెరగకుండా హెపారిన్ మందు పెట్టారు. కనీసం మూడు నెలలు మందు వాడాలన్నారు. తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే కిడ్నీ మాట మాకు తోచేది కాదు. సిస్టర్, ఇంకొకటి. మా చెల్లికి ఎనిమిదో నెల. ఈ సంగతి దాని డాక్టరుకి చెప్పాలా?

విజయనగరం, రిటైర్డ్ స్టాఫ్ నర్స్:

తప్పకుండా చెప్పాలి. గర్భంలోనూ, కాన్పు తర్వాత ఆరు వారాలూ గడ్డల భయం ఎక్కువే, సిజేరియన్ అయితే ఇంకా. అమ్మకి వచ్చిందంటే వాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. బాలింత పథ్యం పేరుతో దానికి నీళ్ళు తగ్గించొద్దని పెద్దమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచు.