బాపు యాదిల చిన్న పుస్తకం వేస్తున్నం: మిలిట్రీ సర్వీసు వివరాలు, ఆయన నవ్వులు ఎట్ల రాయాలె?

చలివాగు:
అందరికి నమస్తే. మా బాపు, అంటే నాయిన, ఫౌజీ. ఇప్పుడు లేడు. 1968ల ఆర్టిలరీల (ఫిరంగి దళంల) చేరి, 1985ల హవల్దార్‌గ పెన్షన్ మీద ఇంటికొచ్చిండు. ఆ తర్వాత పరకాల దగ్గర పత్తి, మిర్చి ఎవుసం చేసుకుంటనే వరంగల్‌ల బ్యాంకు గార్డు నౌకరి చేసిండు. నలుగురు పిల్లల సదువులు, పెండ్లిళ్లు అన్నీ ఆయన రెక్కల మీదనే. ఆయన కూసున్నకాడ నవ్వు ఉండాల్సిందే. పెత్రమాసకు చుట్టాలందరు వస్తరు గనుక అప్పటికి 24 పేజీల పుస్తకం పంచుదామని ఇంటోళ్ల ఆలోచన. డిశ్చార్జ్ బుక్కు (ఫౌజు నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం), నాలుగు మెడల్స్, సంచెడు ఇన్‌లాండ్ ఉత్తరాలు, పాత ఫొటోలు ఉన్నయి. మెడల్స్ చూసి ఏ యుద్ధంల ఉన్నడో చెప్పొచ్చా? ఆయన మాటలు కాగితం మీద పెడితే సప్పగ అయితున్నయి, దానికేం చెయ్యాలె?

నల్లట్రంకు:
ముందుగాల డిశ్చార్జ్ బుక్కును ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా స్కాన్ చేయించుండ్రి. లామినేషన్ మాత్రం వద్దు. ఒక్కసారి వేడికి అతికితే మల్ల ఊడదీయరాదు, సిరా కూడ చెదురుతది. చేరిన తేదీ, ట్రేడ్ (ఫౌజుల చేసిన పని), ర్యాంకులు, మెడల్స్, ఇంటి నుంచి ఎవరి పేర్లు రాయించిండో అన్నీ దాంట్లనే దొరుకుతయి. పుట్టిన తేదీ, ఇంటిపేరు స్పెల్లింగ్ అప్పట్ల భర్తీ దగ్గర రాసుకున్నయి. ఇంట్ల చెప్పేదానికి తేడా వస్తే పుస్తకంల రెండూ రాయుండ్రి, ఒకటి కొట్టేయకుండ్రి.

ఆర్టిలరీల కింది ర్యాంకును గన్నర్ అంటరు, సిపాయి అనరు. ఇంజనీర్లల సాపర్, సిగ్నల్స్‌ల సిగ్నల్‌మ్యాన్. ఇసొంటిది తప్పు పోతే ఆయన తోటి ఫౌజీలు మొదటి పేజీలనే ఆగిపోతరు.

మెడల్స్ సంగతి. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ 1971 యుద్ధంలో తూర్పు, పడమర యుద్ధక్షేత్రాల్ల ఉన్నోళ్లకు ఇచ్చినయి. సంగ్రామ్ మెడల్ పరిధి అంతకంటే చాలా పెద్దది, అదొక్కటే పట్టుకొని ముందు వరుసల కొట్లాడిండని రాయరాదు. 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15 నాడు సర్వీసుల ఉన్నోళ్లందరికి వచ్చింది. 9 ఏండ్ల లాంగ్ సర్వీస్ మెడల్ పేరులనే సంగతి ఉన్నది. సైన్య సేవా మెడల్ ఉంటే రిబ్బన్ మీది చిన్న పట్టీ చదువుండ్రి, జమ్మూ కశ్మీర్, హిమాలయ లాంటి పేరు ఉంటది, ఎక్కడ చేసిండో అదే చెప్తది. మెడల్ అంచు మీదనో వెనుకనో నంబరు, పేరు చెక్కి ఉంటయి. చింతపండుతో, పాలిష్‌తో తోమితే ఆ అక్షరాలే అరుగుతయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే సాలు.

ఉత్తరాల మీద కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) ఉంటే ఎక్కువగ పడమర, ఉత్తరం దిక్కు. 99 ఏపీవో ఉంటే తూర్పు దిక్కు. ఊరు పేరు తెలియకుండనే ఆ అడ్రసు పెట్టిండ్రు, కాబట్టి ఊరును ఊహించి రాయకుండ్రి. యూనిట్ పేరు, తేదీ తీసుకొని వరుసల పేర్చుకుంటే ఏ ఏడు ఏ రెజిమెంట్ల ఉన్నడో తేలుతది. మిగిలిన ఖాళీలకు ఆర్టిలరీ రికార్డ్స్, నాసిక్ రోడ్ క్యాంప్‌కు అమ్మ సంతకంతోని దరఖాస్తు పెట్టుండ్రి. డిశ్చార్జ్ బుక్కు నకలు, మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితం జత చేయాలె. జవాబుకు ఆలస్యమైతది, ఇయ్యాలనే పంపుండ్రి. రాసుడు రాకపోతే సైనిక సంక్షేమ కార్యాలయంల సాయం చేస్తరు.

ఇంకొకటి. గార్డు నౌకరికి సొంత లైసెన్స్ తుపాకి ఉండెనా? ఉంటే అది వారసుల ఇంట్ల వాళ్ల పేర లైసెన్స్ లేకుండ ఉండరాదు. ఇంకా ఇయ్యకపోతే ముందుగాల పోలీస్ స్టేషన్‌ల జమ చేసి రశీదు తీసుకోండ్రి, పుస్తకం ఆ తర్వాత.

కొత్తవాడ మగ్గం:
చలివాగు అక్కా, జోకులు సప్పగైతున్నయంటే వాటి చుట్టూ ఉన్నది రాయట్లేదన్నట్టు. "బాపు మంచి హాస్యప్రియుడు" అని రాస్తే ఎవరికీ నవ్వు రాదు. ఏ అరుగు మీద, ఎవరి ముంగట, ఏం జరుగుతుంటే అన్నడు, ఇది రెండు వాక్యాల్ల. తర్వాత ఆయన అన్న మాట అన్నట్టే, హిందీ కలిస్తే హిందీతోనే. దాని తర్వాత ఒక్క ముక్క కూడ వివరణ వద్దు.

చుట్టాలను "బాపు జోక్ ఒకటి చెప్పు" అని అడిగితే నోరు పెగలదు. "నిన్ను ఏమని పిలిచేటోడు? ఎందుకు?" అని అడుగుండ్రి. పెట్టుడుపేర్లు బయటకొస్తయి, వాటెంబడే కథలన్నీ వస్తయి. ఫోన్ల రికార్డు పెట్టి ఒక్కొక్కలను విడిగ కూసోబెట్టాలె. పదిమందిల అయితే గొంతు పెద్దోళ్ల మాటే మిగులుతది.

అమ్మను అందరికంటే ముందు అడుగుండ్రి. ఆయన సర్వీసుల ఉన్నన్ని రోజులు కూలీలను పిలిచింది, పిల్లలను బడికి తోలింది ఆమెనే కదా. మనీయార్డర్ కూపన్లు దాచిపెట్టిందేమో చూడుండ్రి, కింద రెండు ముక్కలు రాసే జాగ ఉండేది. పత్తికి మందు కొట్టించు, పిల్లకు పలక కొను అని ఆ రెండు ముక్కలల్లనే సంసారం కనబడతది. కష్టజీవి అన్న మాట కూడ అంతే. నైట్ డ్యూటీ దిగి ఏ బస్సు ఎక్కి, ఎన్నింటికి చేన్ల ఉండేటోడో రాస్తే ఆ మాట అవసరమే పడదు.

ఒక జాగ్రత్త. నవ్వించెటందుకు యుద్ధం ముచ్చట్లు పెంచి చెప్పుడు ఉంటది. అవి "బాపు చెప్పిన ముచ్చట్లు" అనే భాగంల ఉండాలె, నల్లట్రంకు అన్న చెప్పిన సర్వీసు పేజీలకు పోవద్దు. రెండూ కలిస్తే ముచ్చట అబద్ధమైతది, రికార్డు అనుమానంల పడ్తది.

చలివాగు:
దండాలు. తుపాకి అప్పుడే జమ చేసినం, రశీదు ఉన్నది. ఉత్తరాలు మడతల కాడ చినుగుతున్నయి. ప్రింటింగ్ సంగతి కూడ చెప్పుండ్రి.

హన్మకొండ డీటీపీ:
చినిగినకాడ సెల్లోటేప్ వేయకుండ్రి, పసుపెక్కి అక్షరాలను తింటది. విప్పి, పైన శుభ్రమైన అద్దం పెట్టి, స్కాన్ చేసి, మల్ల మడవకుండ ఫైల్ల పెట్టుండ్రి. చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు 600 డీపీఐల (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయాలె, అప్పుడు రెండింతల సైజు వేసినా ప్రింటుకు కావాల్సిన 300 నిలుస్తది. ఫ్రేం అద్దానికి అతుకున్న ఫొటోను గుంజితే పైపొర లేస్తది. అద్దం మీదికెళ్లే ఫ్లాష్ లేకుండ తీయుండ్రి. మాకు వాట్సాప్‌ల పంపేటప్పుడు డాక్యుమెంట్‌గ పంపాలె, ఫొటోగ పంపితే పలచబడతది.

24 పేజీలు మంచి లెక్క. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతోని భాగించబడాలె. సైజు ఏ5, లోపల 100 జీఎస్‌ఎం (కాగితం మందం లెక్క) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు సరిపోతది.

అసలు గోస ఫాంట్‌తోని. మీరు ఫోన్ల కొట్టేది యూనికోడ్ అక్షరాలు, చాలా షాపులల్ల పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌ల "అను" అనే పేరున్న వేరే రకం ఫాంట్లు వాడతరు. మార్చేటప్పుడు వత్తులు, క్ష లాంటి అక్షరాలు ఎగిరిపోతయి. కాబట్టి స్క్రీన్ మీద కాదు, కాగితం మీద తీసిన ప్రూఫ్ చదవాలె, టైప్ చేసినోళ్లు కాకుండ వేరేటోళ్లు. పేర్లు ఎవరివి వాళ్లకే చూపించి సంతకం పెట్టించుకోండ్రి. సర్వీసు నంబరు, పీపీవో (పెన్షన్ ఆర్డర్) నంబరు, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోల ఎక్కడ కనబడ్డా మూసేయుండ్రి. పుస్తకం పీడీఎఫ్ వాట్సాప్‌ల తిరుగుతది, అమ్మ ఫ్యామిలీ పెన్షన్ మీద మోసగాళ్లు పడ్తరు.

అట్ట మీద, ఫ్లెక్సీ మీద యూనిఫాం ఫొటో వేస్తే రెండు చూడుండ్రి. డిజైన్ కుదరడానికి ఫొటోను అద్దంల లెక్క తిప్పుతరు, మెడల్స్ కుడి రొమ్ము మీదికి పోతయి. అవి ఎడమ దిక్కే ఉండాలె. ఇంకోటి, స్టూడియోలల్ల తయారుగ ఉన్న ఆఫీసర్ బట్టల మీద మొఖం అతికిస్తరు. హవల్దార్‌కు చేతి మీద మూడు పట్టీలు, భుజం మీద చుక్కలు ఉండవు. చుక్కలు కనబడితే ప్రూఫ్ మీద సంతకం పెట్టకుండ వాపస్ ఇచ్చేయుండ్రి.