లెక్కలో 62,000 యూనిట్లు, మీటరులో 98,000: మా భవనంలో తేడా ఎక్కడ పుట్టింది?

ప్రశ్న (భీమవరం, డయాగ్నస్టిక్ సెంటర్ నిర్వాహకుడు)

రెండేళ్ళ క్రితం భీమవరంలో కొత్త భవనం కట్టి, కింది రెండు అంతస్తుల్లో రక్తపరీక్షల, ఎక్స్‌రే కేంద్రం నడుపుతున్నాము. ఆ రెండింటి విస్తీర్ణం 900 చదరపు మీటర్లు. కట్టకముందు ఒక సలహాదారు కంప్యూటర్ నమూనాతో లెక్కవేసి, ఏడాదికి 62,000 యూనిట్ల కరెంటు సరిపోతుందని నివేదిక ఇచ్చారు. దానిని నమ్మి, పైకప్పు మీద వేడిని ఆపే పొరకూ పడమటి కిటికీల అద్దాలకూ మా స్తోమతకు మించి ఖర్చు పెట్టాము. తీరా పన్నెండు నెలల బిల్లులు కూడితే 98,000 యూనిట్లు తేలాయి. పై అంతస్తులోని సిబ్బంది నివాసాలకు వేరే మీటరు ఉంది. అక్కడ మాత్రం వాడకం అంచనాలో మూడింట రెండు వంతులే ఉంది. కట్టడంలో లోపం ఉందా, లెక్క తప్పా, లేక మా వాడకం తీరే సరిగా లేదా అన్నది అర్థం కావడం లేదు. తెలిసిన పెద్దలు దారి చూపగలరు.

జవాబు (రాజమహేంద్రవరం, విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజినీరు)

అయ్యా, ఆ 62,000 అన్న అంకె ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో ముందు చూడండి. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, 2007లో తెచ్చి 2017లో సవరించిన ఈసీబీసీ అనే, భవనాల ఇంధన పొదుపు నియమావళిలో, మొత్తం భవనాన్ని కంప్యూటర్ నమూనాతో పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. అందులో మీరు కట్టబోయే భవనాన్ని నియమాల ప్రకారం ఊహించిన ఒక ప్రామాణిక భవనంతో పోలుస్తారు. పని గంటలు, మనుషుల సంఖ్య, వాతావరణం రెండింటికీ ఒకటే పెడతారు. తక్కెడ రెండు పళ్ళాలలోనూ ఒకే దొంగరాయి వేస్తే ముల్లు నిటారుగానే నిలుస్తుంది కానీ సరుకు బరువు మాత్రం తెలియదు. మీ నివేదికలో పని గంటలు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అని ఉండి, మీరు 7 నుంచి రాత్రి 9 వరకు నడుపుతున్నట్లయితే, పోలిక చెడదు, వార్షిక యూనిట్లు మాత్రం పూర్తిగా తప్పుతాయి.

ఇది మన దగ్గర మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 వరకు ప్రోబ్ అనే పేరుతో, వాడుకలోకి వచ్చిన భవనాలను పరిశీలించినప్పుడు, రూపకల్పన నాటి అంచనాకు దాదాపు రెట్టింపు వాడుతున్నవి చాలా కనిపించాయి. వాడుకలో ఉన్న భవనాలకు బీఈఈ 2009 నుంచి ఇస్తున్న స్టార్ రేటింగు కూడా కంప్యూటర్ నమూనా మీద కాక, నిజమైన వాడకం మీద ఆధారపడుతుంది.

మీరు గోడలనూ అద్దాలనూ అనుమానించే ముందు ఒక పని చేయండి. ఓ వారం పాటు రాత్రి 10 గంటలకు ఒకసారి, తెల్లవారి 6 గంటలకు ఒకసారి మీటరు రీడింగు రాయించండి. భవనం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తింటున్నదో తెలియకుండా మిగతా చర్చ వృథా.

జవాబు (కాకినాడ, ఏసీ పనుల ఇంజినీరు)

పెద్దాయన చెప్పిన రాత్రి రీడింగుతో పాటు మా వృత్తిలో కనిపించే సంగతి ఒకటి చెప్పాలి. డెల్టాలో ఏసీకి రెండు పనులుంటాయి: గాలిని చల్లబరచడం ఒకటి, గాలిలోని తేమను నీరుగా మార్చి డ్రెయిన్ పైపులోకి పంపడం రెండోది. అవసరానికి మించి పెద్ద మిషన్ పెడితే గది నిమిషాల్లో 24 డిగ్రీలకు చేరి కంప్రెసర్ ఆగిపోతుంది. కానీ లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉండడం వల్ల కాయిల్ (మిషన్ లోపలి చల్లటి గొట్టాల చుట్ట) మీది నీరు మళ్ళీ ఆవిరై గదిలోకే వస్తుంది. డిగ్రీలు సరిగానే ఉన్నా ఉక్కగానే ఉంటుంది కనుక, కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి రిమోటు తీసుకుని 20కి దించుతుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, మిషన్ ఎంపికది. శ్రావణ భాద్రపదాల్లో ఈ బాధ ఎండాకాలంలో కన్నా ఎక్కువని నా అనుభవం.

వెయిటింగ్ హాల్లో ఫాల్స్ సీలింగు కోసం ఫ్యాన్లు తీసేసి ఉంటే మళ్ళీ పెట్టించండి. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1,500 వాట్లు తీసుకునే చోట తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. గాలి తగులుతుంటే 26 డిగ్రీల దగ్గర కూడా జనం హాయిగా కూర్చుంటారు. ఇంకొక మాట: ఏసీ స్టార్ లేబుల్ మీద అచ్చువేసే వార్షిక యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి కట్టినవి. మీ సలహాదారు ఆ అంకెనే వాడుకున్నారేమో అడగండి. రోజుకు 14 గంటలు నడిచే మీ కేంద్రానికి అది ఏ మాత్రం చాలదు.

ప్రశ్న అడిగినవారు

వారం రోజులు రాయించాను. రాత్రి ఎనిమిది గంటల్లో సగటున 72 యూనిట్లు కాలుతున్నాయి. నివేదికలో 16 అని ఉంది. రోజుకు 56 చొప్పున ఏడాదికి 20,440 యూనిట్లు, అంటే మొత్తం తేడాలో సగానికి పైగా, మేము తాళం వేసుకుని వెళ్ళాకే ఖర్చవుతున్నది. రక్త నమూనాలు దాచే ఫ్రిజ్‌లు, కంప్యూటర్ సర్వరు, దానికోసం 18 డిగ్రీల వద్ద పెట్టి వదిలేసిన ఏసీ, ఎవరూ ఆపని వరండా లైట్లు: వీటిలో ఫ్రిజ్‌ల సంగతి కూడా సలహాదారుకు మేము చెప్పనే లేదు. పని గంటలు ఆయన 9 నుంచి 5 అనే వేశారు.

జవాబు (అమలాపురం, ఆర్కిటెక్టు)

మీ పై అంతస్తు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. ఇళ్ళ లెక్కల్లో సాధారణంగా అన్ని పడక గదులూ చల్లగా ఉంటాయని అనుకుంటారు. మన ఇళ్ళలో రోహిణి కార్తెలో సైతం ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చాపలు పరుచుకుని, ఒక్క ఏసీతో గడుపుతారు. మిగతా గదులకు ఫ్యానే గతి. జర్మనీలో సుమారు 3,400 ఇళ్ళను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో కూడా, లెక్కగట్టిన దానికన్నా నిజ వాడకం సగటున 30 శాతం తక్కువని తేలింది; అక్కడ చలికి సర్దుకుంటారు, ఇక్కడ వేడికి. కాబట్టి పైకప్పు పొర వల్ల ఆ నివాసాలలో కరెంటు బిల్లు నివేదికలో చెప్పినంత తగ్గకపోవచ్చు. అయితే మీరు పెట్టిన డబ్బు వృథా అని నేను అనను. ఏసీ వేయని గదుల్లో నర్సులు రాత్రిపూట నిద్రపోగలుగుతున్నారా అని అడిగి చూడండి. ఆ లాభాన్ని ఏ మీటరూ చూపదు.

ప్రశ్న అడిగినవారు

మేడం గారూ, అడిగాను. పాత అద్దె ఇంటికన్నా నయమని, మే నెలలో కూడా అర్ధరాత్రి దాటాక ఫ్యానుతోనే నిద్ర పట్టిందని చెప్పారు. సర్వరు గది ఏసీని 26కు మార్చి, వరండా లైట్లకు టైమరు పెట్టించాక రాత్రి రీడింగు 41కి దిగింది. మిగిలినదానిలో ఎక్కువ భాగం ఫ్రిజ్‌లది. వాటి జోలికి పోను. అసలు పని గంటలతో, ఫ్రిజ్‌లతో కలిపి మళ్ళీ లెక్కవేయమని సలహాదారును అడిగాను. వెయిటింగ్ హాలు ఏసీలను ముట్టుకునే ముందు ఆ కొత్త అంకెనూ, ఫ్యాన్లు పెట్టాక వచ్చే రెండు నెలల బిల్లునూ పక్కపక్కన పెట్టి చూస్తాను.