కారవాన్ లాగడానికి గేరు బండా, ఆటోమేటికా? లాగినవాళ్లు చెప్పండి

కొంపల్లి_సందు:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇంట్లో అనుకుంటున్న పని ఇప్పటికి కుదిరింది. ఒక వర్క్‌షాపులో చిన్న కారవాన్, అంటే కారు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు, చేయిస్తున్నాం. పన్నెండు అడుగుల పొడవు, రెండు బెర్తులు, గ్యాస్ పొయ్యి, సింకు, నీళ్ల ట్యాంకు. ఖాళీగా 850 కిలోలు వస్తుందని మేస్త్రి లెక్క. లాగడానికి స్కార్పియో ఎన్ డీజిల్ అనుకున్నాం. ఆగిపోయింది ఒక్క దగ్గరే. మాన్యువల్ తీసుకోవాలా, ఆటోమేటిక్ తీసుకోవాలా?

మా నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపారు. "బరువు లాగే బండికి గేరు మన చేతిలో ఉండాలిరా" అంటారు. ఆయన మాట ఊరికే తీసేయలేను. కానీ మా ఇల్లు సందులో ఉంది, కారవాన్‌ని రివర్స్‌లోనే గేటు లోపలికి పెట్టాలి. పైగా నా భార్య కూడా నడుపుతుంది, తనకు ఆటోమేటిక్ అలవాటు. ఏటా శ్రీశైలం, సాగర్, లక్నవరం తప్పవు. ఒక్కసారైనా అరకు వెళ్లాలని పిల్లల కోరిక. షోరూంలో అడిగితే రెండూ బాగుంటాయన్నారు. వెనకాల బరువు కట్టుకుని తిరిగినవాళ్ల మాట కావాలి నాకు.

ఉప్పల్_ఫుడ్‌ట్రైలర్:
అన్నా, నాది కారవాన్ కాదు, ఫుడ్ ట్రైలర్. సామానుతో కలిపి టన్నుకు కొంచెం పైనే. తొమ్మిదేళ్లుగా గేరు బండితోనే లాగుతున్నా.

మొదటి ఏడాది జరిగింది చెప్తా. శామీర్‌పేట దాటాక ఒక ఫంక్షన్ హాలు, గేటు ముందే ఎత్తు. లోపలికి వెళ్లే బండ్లు వరసలో ఉన్నాయి, పది అడుగులు కదలడం, ఆగడం. వెనక ట్రైలర్ కిందికి లాగుతోందని భయంతో హాఫ్ క్లచ్ మీదే బండిని పట్టుకున్నా. పదిహేను నిమిషాలు అలాగే గడిచింది. ముందు కాలిన వాసన, తర్వాత బోనెట్ సందుల్లోంచి సన్నగా పొగ. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. ఆ రోజు పెళ్లిభోజనాల్లో మా స్టాలు గంటన్నర ఆలస్యంగా పెట్టాం. మర్నాడు విప్పి చూస్తే క్లచ్ ప్లేటు లైనింగు మొత్తం పోయి రివెట్లు తేలాయి, ప్రెషర్ ప్లేటు మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి. ఫ్లైవీలు కూడా మార్చాల్సి వచ్చి 38 వేలు అయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నా. ఎత్తు మీద ఆగితే హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తా. ముందు బండి కదిలిందని వెంటనే కదలను. కనీసం రెండు బండ్ల జాగా వచ్చాకే ఒక్కసారిగా వెళ్తా. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ. రెండో క్లచ్ 70 వేల కిలోమీటర్లు వచ్చింది. నేర్చుకున్న చెయ్యికి గేరు బండి ఏ లోటూ చేయదు. కాకపోతే నా బండి నేనొక్కడినే నడుపుతా. ఇద్దరు నడిపే బండికి ఇదే మాట చెప్పలేను.

మూసాపేట_గేర్‌బాక్స్:
ఇరవై ఏళ్లుగా గేర్‌బాక్సులు విప్పడమే నా పని. ఆటోమేటిక్ అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ లోపల నాలుగు రకాలున్నాయి. మీ జవాబు అక్కడే ఉంది.

ఏఎంటీ అంటే మామూలు గేరు బండే. క్లచ్ కూడా అదే ప్లేటు. మీ కాలి బదులు ఒక మోటారో, హైడ్రాలిక్ యాక్చుయేటరో దాన్ని తొక్కుతుంది. ఉప్పల్ తమ్ముడికి జరిగింది దీనికీ జరుగుతుంది, పైగా ఆపే అవకాశం మీ చేతిలో ఉండదు. బరువు లాగడానికి దీన్ని మర్చిపోండి. సీవీటీలో విడిగా గేర్లు ఉండవు, బెల్టు మీద నడుస్తుంది, టన్ను బరువుతో ఘాట్ ఎక్కించడానికి అదీ సరిపడదు. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. డ్రై క్లచ్ రకమైతే నెమ్మది ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ కొంత నయం.

నాలుగోది టార్క్ కన్వర్టర్. లాగుడుకి పనికొచ్చే ఆటోమేటిక్ ఇదే. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేయండి, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇందులో గాలి బదులు ఆయిల్. ఇంజన్‌కీ చక్రాలకీ మధ్య రాసుకునే ప్లేటు లేదు కాబట్టి ఎత్తు మీద నెమ్మదిగా కదిలినా అరిగేది ఏమీ ఉండదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆగిన చోట నుంచి కదిలేటప్పుడు మధ్యలో ఉండే స్టేటర్ అనే రెక్కల చక్రం వల్ల ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు రెండింతలై చక్రాలకు వెళ్తుంది. బరువు కదలాల్సింది సరిగ్గా అప్పుడే కదా. వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పడి రెండూ ఒకటిగా తిరుగుతాయి.

మీరు చూస్తున్న స్కార్పియో ఎన్‌లో 175 పీఎస్ డీజిల్‌కి మాన్యువల్‌లో టార్క్ 370 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 400. ఫార్చూనర్ 2.8 డీజిల్‌లో 420, 500. అదే ఇంజన్, అదే కంపెనీ. మాన్యువల్ వైపే టార్క్ తగ్గించి ఇస్తున్నారంటే ఏ గేర్‌బాక్స్ ఎంత మోయగలదని వాళ్ల నమ్మకమో చూడండి. మీ నాన్నగారి మాట ఆయన కాలం లారీలకు నూటికి నూరు నిజం. ఈ బండికి మాత్రం నేను టార్క్ కన్వర్టర్‌కే ఓటేస్తా.

మియాపూర్_మూడోలైను:
డ్రై క్లచ్ డీసీటీ గురించి సార్ చెప్పింది నాకు అనుభవమే. కంపెనీ పేరు వద్దు. అద్దెకు తెచ్చిన చిన్న ట్రైలర్‌లో ఇల్లు మారే సామాను, మే నెల, మధ్యాహ్నం రెండు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్. అమీర్‌పేట దాటేలోపే డ్యాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ వేడెక్కింది, బండి ఆపమని వచ్చింది. పక్కకు తీసి నలభై నిమిషాలు నిలబెట్టా. మళ్లీ మలక్‌పేట దగ్గర అదే. పెట్టిన బరువు 500 కిలోలు కూడా లేదు. బండి ఒట్టిగా తిరిగితే ఇప్పటికీ బంగారం. బరువుకి మాత్రం వద్దు.

నిజాంపేట_లీడ్స్:
పదకొండేళ్లు ఇంగ్లండ్‌లో ఉండి వచ్చాం, అందులో ఆరేళ్లు కారవాన్ ఉంది. మొదట మాన్యువల్ డీజిల్ ఎస్టేట్ (డిక్కీ పొడవుగా ఉండే కారు), తర్వాత ఆటోమేటిక్. మళ్లీ మాన్యువల్‌కి వెళ్లాలనిపించలేదు. కానీ అక్కడివాళ్లు గేరు గురించి అడగకముందే బరువు అడుగుతారు. సామానుతో కలిపి కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని కొత్తవాళ్లకు చెప్తారు. కారు వెనక కారవాన్‌ని తగిలించే హుక్కు మీద పడే బరువు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. అది మరీ తక్కువైతే వెనకాల కారవాన్ పాములా ఊగుతుంది. నాకు ఒకసారి లారీ దాటినప్పుడు ఊగింది. గట్టిగా బ్రేకు కొట్టకూడదు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే అదే సర్దుకుంది. అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలి. మీ మేస్త్రి బ్రేకులు పెడుతున్నాడా, లేదా? మాన్యువల్, ఆటోమేటిక్ కంటే ముందు ఇది తేల్చుకోండి బాబూ, దయచేసి.

కొంపల్లి_సందు:
బ్రేకుల మాట నిజంగా నేను అడగనేలేదు. ఈ రోజే ఫోన్ చేశా. కారు ఆగినప్పుడు కారవాన్ ముందుకు తోసే తోపుకే దాని బ్రేకులు పడే రకం పెట్టించమన్నాను. డబ్బు ఎక్కువైనా సరే.

మూసాపేట గారూ, ఘాట్ దిగేటప్పుడు ఎలా? నాన్న అసలు భయం అదే. ఆటోమేటిక్ పైగేరుకి వెళ్లిపోతే బ్రేకుల మీదే దిగాలి కదా అంటారు.

అచ్చంపేట_ఘాట్:
దీనికి నేను చెప్తా. నెలకు రెండుసార్లు శ్రీశైలం దారిలో వెళ్తుంటా, వెనక టన్నున్నర ట్రైలర్. మన్ననూరు నుంచి వటవర్లపల్లి, దోమలపెంట దాకా అడవి దారి హాయిగా ఉంటుంది. అసలు పరీక్ష ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో. అక్కడ డి (డ్రైవ్) లో పెట్టి వదిలేస్తే ఏ ఆటోమేటిక్ అయినా పైగేరుకి పోతుంది. లివర్ని మాన్యువల్ మోడ్‌లోకి లాగి రెండో గేరులో పెట్టాలి, దిగుడు మొదలయ్యే ముందే. మధ్యలో వేగం అందుకున్నాక కిందిగేరు అడిగితే చాలా బండ్లు ఒప్పుకోవు, ఇంజన్ని కాపాడుకోవడానికి. రెండో గేరులో ఇంజన్ గట్టిగా మోగుతుంది, భయపడకండి, ఆ మోతే మిమ్మల్ని ఆపుతోంది. బ్రేకు మీద కాలు అలాగే పెట్టి ఉంచకూడదు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, బ్రేకులు చల్లారాలి. సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు కూడా అదే మాన్యువల్ మోడ్, లేకపోతే రెండుకీ మూడుకీ మధ్య ఊగిసలాడి ఆయిల్ వేడెక్కిస్తుంది.

మీ నాన్నగారితో చెప్పండి, గేరు మన చేతిలోనే ఉంటుంది, క్లచ్ ఒక్కటే ఉండదు. ఇంకోటి, అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. కారవాన్‌తో నెమ్మదిగా వెళ్తారు కాబట్టి మధ్యాహ్నానికే మన్ననూరు దాటేలా బయల్దేరండి.

అల్వాల్_ప్రయాణాలు:
మీ భార్య గారి కోసం రాస్తున్నా. మాది ఆటోమేటిక్ డీజిల్ పికప్, వెనక వెయ్యి కిలోల కారవాన్. రెండేళ్లలో ఎక్కువ దూరం నేనే నడిపా. పెద్ద రోడ్డు మీద మాన్యువల్‌కీ దీనికీ అంత తేడా ఏమీ ఉండదు. తేడా అంతా రివర్స్‌లోనే.

మొదటిసారి సాగర్‌లో ఒక రిసార్టు లోపల రెండు చెట్ల మధ్య పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు మా తమ్ముడి గేరు బండితో సాధన చేశా. రివర్స్ గేరు వేగంగా లాగుతుంది, నెమ్మదిగా వెళ్లాలంటే హాఫ్ క్లచ్ తప్పదు. కళ్లు రెండు అద్దాల మీద, చేతులు స్టీరింగ్ మీద, ఎడమ కాలు క్లచ్ మీద వణుకుతూ. మూడు పనులు ఒకేసారి. కారవాన్ వంకర పోయేది కాలు తడబడినప్పుడే. ఆటోమేటిక్‌లో రివర్స్ వేసి బ్రేకు కొద్దిగా వదిలితే చాలు, బండి దానంతట అదే పాకుతుంది. యాక్సిలరేటర్ ముట్టుకోనక్కర్లేదు. మనసంతా అద్దాల మీదే.

ఒక చిట్కా కూడా. స్టీరింగ్‌ని పై నుంచి కాకుండా అడుగున పట్టుకోండి. చెయ్యి ఎడమకి జరిపితే కారవాన్ వెనక భాగం ఎడమకే వెళ్తుంది. తికమక అక్కడే పోతుంది. కొంచెం కొంచెమే తిప్పండి. విరిగిపోయేలా మడత పడుతోందనిపిస్తే సరిచేయాలని చూడకండి, ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి. సందులో గేటు అన్నారు కదా, రోజూ చేసే పని అదే అవుతుంది. నేనైతే ఆ ఒక్క కారణంతోనే ఆటోమేటిక్ తీసుకుంటా.

ఉప్పల్_ఫుడ్‌ట్రైలర్:
అక్క చెప్పింది ఒప్పుకోవాల్సిందే. నా రెండో క్లచ్ ఎక్కువగా తిన్నది కూడా రివర్సే. మైలేజీ మాత్రం ఎవరూ అడగలేదు. ట్రైలర్ లేకుండా 12 వచ్చే నా బండి ట్రైలర్‌తో 8 ఇస్తుంది. ఏ గేర్‌బాక్స్ తీసుకున్నా ఈ దెబ్బ తప్పదు.

మూసాపేట_గేర్‌బాక్స్:
ఆటోమేటిక్ తీసుకునేవాళ్లు ఒకటి రాసి పెట్టుకోండి. కన్వర్టర్‌లో అరిగే ప్లేటు లేదన్నాను గానీ ఆ కష్టమంతా ఆయిల్ పడుతుంది. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మా దగ్గరికి వచ్చే పాడైన బాక్సుల్లో డికాషన్ రంగులో, మాడిన వాసనతో కారుతుంది. జీవితకాలం మార్చక్కర్లేదని ఎవరైనా చెప్తే ఒట్టి కారుకేమో గానీ, బరువు లాగే కారుకి ఆ మాట నమ్మకండి. పుస్తకంలో కష్టమైన వాడకానికి ఎంతని రాశారో చూసి ఆ లెక్కనే మార్పించండి. గేర్‌బాక్స్ ఆయిల్‌కి విడిగా కూలర్ పెట్టించాలనుకుంటే ముందు కంపెనీని అడగండి, లేకపోతే వారంటీ పోతుంది. హుక్కు కూడా అంతే. ఎంత బరువు లాగవచ్చో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

నిజాంపేట_లీడ్స్:
కాగితాల సంగతి మర్చిపోకండి. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. కారవాన్‌కి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. హుక్కు బిగించే ముందే ఆర్టీఏలోనూ, ఇన్సూరెన్స్ వాళ్లతోనూ మాట్లాడండి.

కొంపల్లి_సందు:
మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. కారవాన్ తయారైంది. ట్యాంకులో నీళ్లు, సిలిండర్, పరుపులు, గిన్నెలు అన్నీ పెట్టి వర్క్‌షాపు వాళ్ల బండితో ధర్మకాంటాకి తీసుకెళ్లాం. 850 అన్నది 1,140 వచ్చింది. ఇనుప ఫ్రేము, ప్లైవుడ్, పైన బ్రేకుల సెట్టు, అన్నీ కలిపి. హుక్కు మీద 5 నుంచి 7 శాతం అంటే 57 నుంచి 80 కిలోలు పడాలి. మొదట 110 దాకా వచ్చింది, నీళ్ల ట్యాంకుని ఇరుసు దగ్గరికి జరిపించాక 75కి దిగింది.

నాన్నని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లా. లివర్ని మాన్యువల్ మోడ్‌లోకి లాగి ఫ్లైఓవర్ దిగుతూ ఇంజన్ పట్టుకుంటోందా లేదా అని చెవి పెట్టి విన్నారు. రెండుసార్లు దిగారు. ఇప్పటికీ గేరు బండే ఆయనకి ఇష్టం. కానీ "కోడలు కూడా నడపాలి, ఇదే తీసుకో" అన్నారు. ఆటోమేటిక్ బుక్ చేశాం. హుక్కు విషయం కంపెనీకి మెయిల్ పెట్టా, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే బిగిస్తా. రివర్స్ సాధనకి ఖాళీ స్థలం ఎక్కడైనా ఉంటే చెప్పండి.

ఉప్పల్_ఫుడ్‌ట్రైలర్:
ఘట్‌కేసర్ వైపు మా బంధువుల ప్లాట్ల వెంచర్ ఖాళీగా ఉంది అన్నా. కోన్లు నా దగ్గర పన్నెండు ఉన్నాయి. బండి చేతికి వచ్చాక ఆదివారం పొద్దున ఏడింటికల్లా వదినగారినీ, నాన్నగారినీ తీసుకుని రండి. టిఫిన్ నా ట్రైలర్‌లోనే.