అప్‌డేట్: బ్లాగా, వికీనా? తేల్చుకున్నా

తిరుపతి గంగమ్మ జాతర గురించి నాకు గుర్తున్నవి రాసుకోడానికి సొంత బ్లాగు మేలా, తెలుగు వికీపీడియా మేలా అని పోయిన నెల అడిగింది నేనే. ముందు వికీ ప్రయోగశాల పేజీలో, అంటే రాసి చూసుకోడానికి ఇచ్చే పేజీలో, రాసి చూశా. జాతరలో భక్తులు వేసే బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా నామం కొమ్ము (నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద) పూసుకుంటారు, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు లాంటి వాక్యాలతో ఇబ్బంది లేదు, వికీ అడిగే మూలంగా (ఆధారంగా) ఏ పుస్తకమో పేపరో చూపించొచ్చు. కానీ నా ఆరేళ్లప్పుడు మా నాన్న బొగ్గు పూస్తుంటే చక్కిలిగిలి పుట్టి నేను మెలికలు తిరగడం, చేతిలో వేపమండ కింద పడెయ్యడం, "కదలొద్దురా, గంగమ్మ చూస్తాది" అని అవ్వ కసరడం... వీటికి మూలం ఎక్కణ్ణించి తేను? మా అవ్వే మూలం, ఆమె పోయి మూడేళ్లయింది. పైగా వికీలో ఎవరైనా దిద్దొచ్చు కదా, అది మంచిదే, కానీ అవ్వ మాటను ఎవరో సరిచేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే బ్లాగు తెరిచా, రెండు పోస్టులయ్యాయి. వికీనీ వదల్లేదు, వేషాల ఫోటోలు వికీవాళ్ల ఫోటోల భాండాగారం కామన్స్‌లో ఎక్కిస్తున్నా. అక్కడ పెడితే ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి ఇంట్లోవాళ్ల ముఖాలున్నవి మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా.