గుర్రపు స్వారీ వెస్ట్ నడుమును నిజంగా కాపాడుతుందా? పిల్లలకు ఏది కొనాలి?

హన్మకొండ_నాన్న:

నమస్తే అందరికీ. మా బిడ్డ ఎనిమిదో తరగతి. ధర్మసాగర్ వైపు ఒక చిన్న ఫామ్‌లో శని, ఆదివారాలు గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ట్రాట్ (గుర్రం చిన్నగా పరిగెత్తే నడక) బాగానే వచ్చింది, ఇక క్యాంటర్ (అంతకన్నా వేగంగా దౌడు తీయడం) మొదలుపెడదాం అంటున్నారు కోచ్. ఇంతలో అక్కడే స్వారీ చేసే ఒక డిగ్రీ అబ్బాయి పడిపోయాడు. కుక్క అడ్డం వచ్చి గుర్రం బెదిరి పక్కకు దూకితే, ఇతను జీను మీది నుంచి లేచి సరిగ్గా కూర్చున్నట్టే నేల మీద పడ్డాడు. ఛాతీకి, వీపుకు రక్షణగా వేసే వెస్ట్ వేసుకునే ఉన్నాడు. అయినా ఎల్1 పూస, అంటే నడుములో మొదటి పూస, నలిగిందని చెప్పారు. ఇప్పుడు బెల్ట్ కట్టుకుని ఇంట్లో ఉన్నాడు. కాళ్లు బాగానే కదులుతున్నాయి, అంతవరకు దేవుడి దయ.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే టెన్షన్. మా ఆవిడ మాన్పించేద్దాం అంటుంది, బిడ్డేమో అన్నం ముట్టకుండా కూర్చుంటుంది. నాకు మాన్పించాలని లేదు, కానీ కళ్లు మూసుకుని పంపించాలనీ లేదు. వెస్ట్ ఉండి కూడా పూస ఎందుకు నలిగింది, అది నాసిరకం వెస్టా? చౌరస్తా దగ్గర బైక్ షాపులో ఆర్మర్ జాకెట్లు ఉన్నాయి, అవి సరిపోతాయా? గాలి నిండే వెస్ట్‌లు కూడా ఉన్నాయట, అవి మేలా? పిల్ల ఎదుగుతోంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఫిజియో_వరంగల్:

అన్నా, ఆ వెస్ట్ మంచిదే అయి ఉండొచ్చు. వెస్ట్ చేసే పని వేరు, ఆ తమ్ముడికి తగిలిన దెబ్బ వేరు.

వెస్ట్ లోపల ఉండేది మందపాటి ఫోమ్. రాయి మీదో కంచె కర్ర మీదో పడ్డప్పుడు, గుర్రం గిట్ట తగిలినప్పుడు, దెబ్బ ఒక్క చోటే దిగకుండా వెడల్పుగా పరుచుకునేలా చేస్తుంది. దానివల్ల పక్కటెముకలకు, వాటి కిందున్న ఊపిరితిత్తులకు, కాలేయానికి, ప్లీహానికి చాలా మేలు. కమిలిపోవడం తగ్గుతుంది, విరగాల్సిన పక్కటెముక విరగకుండా పోవచ్చు. కానీ పిరుదుల మీద కూర్చున్నట్టు పడితే దెబ్బ వెస్ట్‌కు తగలనే తగలదు కదా. నేల నుంచి కటి ఎముకకు, అక్కడి నుంచి ఒక్కో పూస మీదుగా పైకి ఎక్కుతుంది, పైనుంచి ఒంటి బరువు దిగుతుంది, ఈ రెండింటి మధ్య పూస ముందు భాగం నలుగుతుంది. అది ఎక్కువగా టి12 (ఛాతీ వెనక చివరి పూస), ఎల్1 దగ్గరే ఎందుకు జరుగుతుందంటే, ఛాతీ వెనక ఉన్న వెన్నెముకను పక్కటెముకలు బిగించి పట్టుకుంటాయి, నడుము భాగమేమో వంగడానికి వీలుగా వదులుగా ఉంటుంది, ఆ రెండూ కలిసే చోటు అదే. మెలితిరిగి పడ్డా, తలకిందులుగా పడి మెడ మడతపడ్డా ఫోమ్ ఏమీ చేయలేదు.

హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్ విషయం చాలామందికి తెలుసు. 1995 మే 27న వర్జీనియాలో పోటీలో దూకాల్సిన కంచె ముందు గుర్రం ఠక్కున ఆగిపోతే ఆయన ముందుకు ఎగిరి తల నేలకు తగిలేలా పడ్డాడు. హెల్మెట్ ఉంది, వెస్ట్ కూడా ఉంది. మెడలో మొదటి రెండు పూసలు దెబ్బతిని మెడ కింద శరీరమంతా చచ్చుబడింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. వెస్ట్ వేయగానే వెన్నెముకకు గ్యారంటీ వచ్చేసిందన్న ధైర్యంతో పిల్లను క్యాంటర్‌కు పంపొద్దని మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ఆ తమ్ముడికి నరాల మీద ఒత్తిడి లేకపోతే ఇలాంటి పూస చాలావరకు బెల్ట్‌తో, మూడు నెలల అటూ ఇటూ అతుక్కుంటుంది. డాక్టర్ చెప్పేదాకా వంగి బరువులు ఎత్తొద్దని చెప్పండి.

కరీంనగర్_సవార్:

ఆర్మీలో గుర్రాల యూనిట్‌లో చేసి వచ్చాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. పై తమ్ముడు వెన్నెముక గురించి చెప్పింది అక్షరాలా నిజం. అలాగని వెస్ట్ వద్దనుకోకండి, ఎందుకంటే పడ్డాక గుర్రం తొక్కడం, తన్నడం అనే ప్రమాదం వేరే ఉంది. నాలుగైదు వందల కిలోల జంతువు గిట్ట ఛాతీ మీద పడితే ఫోమ్ ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా.

బైక్ జాకెట్ వద్దు సార్. అది రోడ్డు మీద జారుకుంటూ పోతే చర్మం ఊడకుండా కాపాడటానికి చేసింది. వీపుకు ఒక పలక, భుజాలకు, మోచేతులకు ప్యాడ్లు ఉంటాయి, పక్కటెముకల దగ్గర మామూలుగా ఏమీ ఉండదు. గుర్రం మీద మనకు ముందు కావాల్సింది అక్కడే.

కొనేటప్పుడు లోపలి లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13158. అందులో మూడు లెవెళ్లు. లెవెల్ 1 రేసు జాకీల కోసం, బరువు తక్కువ, రక్షణా తక్కువ. మామూలు స్వారీకి, గుర్రంతో కంచెలు దూకడం నేర్చుకునేవాళ్లకు లెవెల్ 3 తీసుకోవాలి. బ్రిటన్‌లో గుర్రపు స్వారీ సామాను వ్యాపారుల సంఘం ఇచ్చే బీటా లేబుల్ ఉన్నా మంచిదే, 2018 ప్రమాణానిది నీలం రంగులో ఉంటుంది. అమెరికా సరుకైతే ఏఎస్‌టీఎమ్ ఎఫ్1937 అని రాసి ఉంటుంది. ఇవేవీ లేకుండా ఊరికే రైడింగ్ వెస్ట్ అని రాసి అమ్మేవి ఆన్‌లైన్‌లో బోలెడు, వాటి జోలికి పోకండి.

సైజు పెద్దది మాత్రం తీసుకోవద్దు. స్కూలు యూనిఫామ్ కొన్నట్టు వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని వెస్ట్ కొంటే పడ్డప్పుడు అది పక్కకు జరిగిపోతుంది, సరిగ్గా దెబ్బ తగిలే చోటు ఖాళీ అవుతుంది. పిల్లను జీను మీద కూర్చోబెట్టి చూడండి. ముందు వైపు చివరి పక్కటెముక దాటి కనీసం ఒక అంగుళం కిందికి రావాలి. వెనక అంచు జీనుకు తగలకూడదు, తగిలితే గుర్రం అడుగు వేసినప్పుడల్లా వెస్ట్ పైకి ఎగిరి హెల్మెట్‌ను వెనక నుంచి నెడుతుంది. మెడ వెనక తల వంచితే పొడుచుకొచ్చే పూస ఉంటుంది చూడండి, పై అంచు అక్కడిదాకా రావాలి. ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేసుకున్న ఐదు పది నిమిషాల తర్వాత పట్టీలు మళ్లీ బిగించాలి. మన దగ్గర ఎండాకాలంలో ఇంకా త్వరగా మెత్తబడుతుంది. తీశాక కారు డిక్కీలో పడేయకండి, ఆ వేడికి ఫోమ్ పాడవుతుంది. గట్టిగా పడితే సొట్ట చూడండి, అరగంటలో మళ్లీ ఉబ్బి మామూలుగా కాకపోతే ఆ వెస్ట్ పని అయిపోయినట్టే. పడకపోయినా మూడు నుంచి ఐదేళ్లకు మార్చాలి. అందుకే సెకండ్ హ్యాండ్ వద్దంటాను, ఎన్నిసార్లు పడిందో ఎవరూ చెప్పరు.

అన్నిటికన్నా ముందు హెల్మెట్, అది కూడా స్వారీ హెల్మెటే. క్రికెట్‌ది, సైకిల్‌ది కాదు. ఆ తర్వాత మడమ ఉన్న బూటు. కాన్వాస్ షూ రికాబులోంచి ముందుకు దూరిపోతుంది, కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది, అప్పుడు ఏ వెస్టూ ఆదుకోదు. ఇంకో మాట, మీరు ఆ ఫామ్‌లో రింగ్ (స్వారీ నేర్పే ఆవరణ) మట్టిని మడమతో ఒకసారి తన్ని చూడండి. ఇసుక రెండు మూడు అంగుళాలు లేవాలి. మొరం గట్టిగా పేరుకుపోయి ఉంటే క్యాంటర్ అక్కడ వద్దు. చుట్టూ కంచె లేకుండా కుక్కలు లోపలికి వచ్చే చోట పిల్లలకు క్యాంటర్ నేర్పడం నాకు అసలు నచ్చదు, ఇది కోచ్‌తో మీరు మొహమాటం లేకుండా మాట్లాడాల్సిన విషయం. మొదట లుంజ్ తాడు (కోచ్ మధ్యలో నిలబడి గుర్రాన్ని పట్టుకునే పొడవాటి తాడు) మీద గుండ్రంగా తిప్పుతూ క్యాంటర్ చేయించమనండి, గుర్రం కోచ్ చేతిలో ఉంటుంది, పిల్ల కూర్చోవడం మీదే మనసు పెడుతుంది.

జనగామ_అక్క:

గాలి వెస్ట్ గురించి నేను చెప్తాను, నాకు ఉంది. జీనుకు ఒక తాడు కట్టి ఉంటుంది. మనం జీను వదిలి దూరంగా పడగానే ఆ తాడు లాగి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు రంధ్రం పడుతుంది, రెప్పపాటులో వెస్ట్ ఉబ్బుతుంది. మెడ చుట్టూ, నడుము కింద దాకా పట్టుకున్నట్టు ఉంటుంది. నాకు దాని మీద నమ్మకం ఉంది, సవార్ అన్న ఒప్పుకోకపోవచ్చు. కానీ గుర్రం మనతో పాటే పడిపోతే తాడు సమయానికి లాగదు. దిగేటప్పుడు తాడు విప్పడం మరిచిపోతే ధడేల్‌మని పేలుతుంది, కొత్త గుర్రమైతే బెదిరిపోతుంది. పేలిన ప్రతిసారీ కొత్త సిలిండర్ కావాలి, మన ఊళ్లలో దొరకదు, ముందే తెప్పించి పెట్టుకోవాలి. అంతర్జాతీయ పోటీల్లో క్రాస్ కంట్రీకి (బయలు మైదానంలో అడ్డంకులు దూకుతూ దౌడు తీసే పోటీ) ఫోమ్ వెస్ట్ తప్పనిసరి, గాలి వెస్ట్ వేసుకుంటే దాని పైనే వేసుకోవాలి, దానికి బదులుగా కాదు.

కరీంనగర్_సవార్:

అక్కా, మీరు అనుభవం ఉన్నవారు కాబట్టి తాడు సంగతి గుర్తుంటుంది. ఎనిమిదో తరగతి పిల్ల దిగేటప్పుడు మరిచిపోతుంది, పక్కనే ఇంకో పిల్ల గుర్రం మీద ఉంటుంది. పైగా అంతర్జాతీయ పోటీల్లో పడ్డవాళ్ల వివరాలు పరిశీలిస్తే గాలి వెస్ట్ వేసుకున్నవారికి తీవ్ర గాయాలు తగ్గినట్టు కనిపించలేదు, అదే నన్ను ఆలోచనలో పడేసింది. ఈ వయసుకు సరిగ్గా సరిపోయే ఫోమ్ వెస్ట్ చాలు.

హన్మకొండ_నాన్న:

చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్కటి అడుగుతాను, ఆ అబ్బాయి పడ్డప్పుడు అక్కడున్నవాళ్లు వెంటనే చంకల కింద పట్టి లేపి కూర్చోబెట్టారు, నీళ్లు తాగించి ఆటోలో పంపించారు. అది సరైనదేనా? రేపు నేనే అక్కడ ఉంటే ఏం చేయాలి?

ఫిజియో_వరంగల్:

కాదన్నా, అలా అస్సలు చేయకూడదు. విరిగిన పూస కదిలి నరాలను నొక్కితే అప్పటిదాకా బాగున్న కాళ్లు పడిపోవచ్చు. ముందు ఎవరో ఒకరు గుర్రాన్ని పట్టుకుని దూరంగా తీసుకెళ్లాలి. పడ్డ మనిషిని పడ్డట్టే ఉంచండి. మీరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తల అటూ ఇటూ తిరగకుండా పట్టుకోండి. హెల్మెట్ తీయొద్దు, ఊపిరి ఆడకపోతే తప్ప. వెస్ట్ కూడా లాగి విప్పొద్దు, కావాలంటే అంబులెన్స్ వాళ్లు కత్తిరిస్తారు. పేరు అడగండి, కాలి వేళ్లు కదపమనండి, కాలిని తాకితే తెలుస్తోందా అడగండి. 108కి ఫోన్ చేసేటప్పుడు గుర్రం మీది నుంచి పడ్డారు, వెన్నెముక దెబ్బ అనుమానం అని స్పష్టంగా చెప్పండి. వాంతి వచ్చి పక్కకు తిప్పాల్సి వస్తే ముగ్గురు నలుగురు కలిసి తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకేసారి దుంగను దొర్లించినట్టు తిప్పాలి. నీళ్లు ఇవ్వొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

లేచి నడిచినంత మాత్రాన ఏమీ కాలేదని అనుకోకండి. పూస నలిగిన మనుషులు నడుచుకుంటూ వచ్చి ఓపీలో కూర్చోవడం నేను చూశాను. వెన్నెముక మధ్యలో నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్-రే తీయించాల్సిందే, ఎక్స్-రేలో కనపడకపోయినా నొప్పి తగ్గకపోతే సీటీ అడగండి. కాళ్లలో తిమ్మిరి, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, వీటిలో ఏది ఉన్నా అర్ధరాత్రైనా ఆసుపత్రికి పోవాలి. మన దగ్గర నడుము పట్టేసిందనగానే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించడం, తొక్కించడం ఇంకా ఉంది. గుర్రం మీది నుంచి పడ్డ నడుముకు దయచేసి అది చేయించకండి, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే.

హన్మకొండ_నాన్న:

అర్థమైంది తమ్ముడూ, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఈ ఆదివారం ముందు రింగ్ మట్టి చూస్తాను, కంచె గురించి కోచ్‌తో మాట్లాడతాను, అదయ్యేదాకా ట్రాట్‌తోనే ఆపమంటాను. సవార్ సార్, వెస్ట్ సైజు కోసం ఏమేం కొలవాలి?

కరీంనగర్_సవార్:

ఛాతీ చుట్టుకొలత, నడుము చుట్టుకొలత, ఇంకా భుజం మీది నుంచి ముందు నడుము, వెనక నడుము దాకా టేపు పెట్టి కొలవండి. పల్చటి టీ షర్ట్ మీదే కొలవాలి. ఆమెకు ఇచ్చే గుర్రం జీను ఫొటో కూడా పక్క నుంచి ఒకటి తీసి పెట్టండి, వెనక అంచు ఎత్తుగా ఉన్న జీనైతే పొట్టి వీపు ఉన్న వెస్ట్ చూడాలి.