వైజాగ్ నుంచి ఒక్క రోజులో భీమిలి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం: కారు, గైడు మాట్లాడుకుంటే అవుతుందా?

కూకట్‌పల్లి నుంచి:

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక జనవరిలో అమ్మానాన్నల్ని తీసుకుని వైజాగ్ వస్తున్నాను. మూడు రోజులు ఉంటాం. అందులో ఒక రోజు సొంతంగా కారు, గైడు మాట్లాడుకుని ఉత్తరం వైపు చరిత్ర ఉన్న ఊళ్లూ, సముద్రం ఒడ్డు ఊళ్లూ చూపిద్దామని ఉంది.

నాన్నకి 71 ఏళ్లు, రిటైరైన సోషల్ మాస్టారు. ఇన్నేళ్లు పిల్లలకి స్తూపాల గురించి, డచ్చివాళ్ల గురించి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పారు గానీ, అమరావతి తప్ప ఇంకేదీ ఆయన కళ్లతో చూళ్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు అంటేనే భయం. ఆవిడ కోరికల్లా అరసవల్లి సూర్యనారాయణమూర్తిని, శ్రీకూర్మనాథుణ్ణి చూడాలని.

ఒక ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడితే ఒకే రోజులో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, అరసవల్లి, శ్రీకూర్మం, కొండ మీద బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం, కళింగపట్నం, మొత్తం ఏడూ చూపిస్తాం అన్నారు. ఉదయం 8కి బయల్దేరితే రాత్రి 8కి హోటల్లో దించేస్తారట. ఇది నిజంగా అయ్యే పనేనా? గైడుకి వేరే డబ్బులు అడుగుతున్నారు. డ్రైవర్ చాలా, గైడు కూడా కావాలా? మంచి గైడో కాదో ఫోన్లోనే ఎలా తెలుస్తుంది? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి, నాన్న ఇప్పటికే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నారు.

భీమిలి ఊరివాడిని:

అవదండి. వైజాగ్ నుంచి శ్రీకాకుళమే 110 కిలోమీటర్ల దాకా ఉంటుంది, సిటీ దాటేసరికే ముప్పావు గంట పోతుంది. శ్రీకాకుళం చేరాక మళ్లీ గార వైపు లోపలి రోడ్లు. పోను రాను లెక్కేసుకుంటే 12 గంటల్లో సగం కారులోనే గడుస్తుంది, మిగతా సగాన్ని ఏడు చోట్లకి పంచితే చెప్పులు విప్పి మళ్లీ వేసుకునేంత టైమ్ వస్తుంది, అంతే. ఏడు పేర్లు చెప్పేవాళ్లు మీకు చూపించేది ఏడు పార్కింగులు.

దీన్ని రెండుగా విడగొట్టండి. శ్రీకాకుళం వైపు ఒక పూర్తి రోజు. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి ఇంకో రోజు పొద్దున్న పూట. ఇవన్నీ బీచ్ రోడ్డు మీదే వరసగా వస్తాయి కాబట్టి భోజనాల వేళకి హోటల్‌కి చేరిపోతారు.

తొట్లకొండని మాత్రం వదలొద్దు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది, మీ అమ్మగారు కూడా రావచ్చు. 1976లో నేవీ వాళ్లు సర్వే చేస్తుంటే బయటపడిన చోటు అది, 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. కొండరాయిలో తొలిచిన నీళ్ల తొట్లు ఉన్నాయి, పేరు వాటి వల్లే వచ్చింది. విహారాల గదుల పునాదులు అలాగే కనిపిస్తాయి, ఒక గది గట్టు మీద కూర్చుంటే ఎదురుగా సముద్రం. వర్షాకాలంలో ఓడల్లో వచ్చిన భిక్షువులు ఇక్కడ ఎందుకు ఆగారో మీ నాన్నగారికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎండెక్కక ముందే నడవాలి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. దయచేసి దిబ్బల అంచులు ఎక్కొద్దు, అడుగు పడితే గట్టు జారిపోతుంది, మళ్లీ కట్టుకునేది కాదు అది.

ఇక మా ఊరు. 1861లోనే మున్సిపాలిటీ అయింది, దేశంలో పాత మున్సిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది గానీ మాకు ఊరు ఊరే. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి కోట కట్టుకున్నారు, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించి వెళ్లారు. కోట లేదు, సమాధులు మిగిలాయి. అక్కడికి పొద్దున్నే వెళ్లమని ఎందుకు చెబుతున్నానంటే, ఏటవాలుగా ఎండ పడినప్పుడే రాతి మీద చెక్కిన డచ్చి అక్షరాలు లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్తే అదే రాయి చదునుగా, బూడిద రంగులో, ఏమీ లేనట్టు ఉంటుంది. చాలామంది ఆ టైమ్‌కే వచ్చి "ఇక్కడ ఏముంది" అని వెళ్లిపోతారు, నాకు ప్రతిసారీ బాధేస్తుంది. చిన్నప్పుడు మేము ఆ సమాధుల మధ్యే ఆడుకున్నాం, ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లు ఎంత దూరం నుంచి వచ్చారో పెద్దయ్యాకే అర్థమైంది.

ఇంకొక్క మాట. సముద్రంలో మోకాళ్ల లోతు దాటి దిగొద్దు. ఈ తీరం పొడుగునా లోపలికి లాగేస్తుంది, ప్రాణాలు పోయిన చోట్లు చాలా ఉన్నాయి.

ఎన్‌హెచ్ 16 డ్రైవర్:

మేడం, నేను వైజాగ్‌లో 14 ఏళ్లుగా టూరిస్టు కారు నడుపుతున్నాను. పైన బాబు చెప్పింది కరెక్టు. నా వైపు నుంచి కొన్ని చెబుతాను.

ముందు డబ్బు సంగతి. కిలోమీటరు లెక్కా, రోజు ప్యాకేజీయా తేల్చుకోండి. కిలోమీటరు లెక్క అయితే మీ హోటల్ నుంచి కాదు, కారు షెడ్‌లో బయల్దేరినప్పటి నుంచి మళ్లీ షెడ్‌కి వెళ్లేదాకా లెక్కేస్తారు, ఇది చాలామందికి తెలియక చివర్లో గొడవ అవుతుంది. డ్రైవర్ బేటా (రోజు భత్యం), నాతవలస టోల్, పార్కింగ్ ఎవరివి? రాత్రి ఆలస్యమైతే ఎంత? ఏసీ రోజంతా వేస్తారా? ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. రాయడానికి వెనకాడేవాడి బండి ఎక్కొద్దు.

టైము మార్చండి. 8కి కాదు, ఐదున్నరకి బయల్దేరాలి. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, అందుకని ముందు అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం. ఆ తర్వాత శాలిహుండం, ఆఖర్న కళింగపట్నం. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోనే ఉన్నాయి కాబట్టి వెనక్కి ముందుకి తిరగక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి కళింగపట్నంలో బయల్దేరితే చీకటి పడ్డాక కాసేపటికి వైజాగ్ చేరతారు. భోజనం శ్రీకాకుళంలోనే పార్సిల్ కట్టించుకోండి. ఆ లోపలి ఊళ్లలో పెద్దవాళ్లకి సరిపడే హోటల్ వెతుక్కుంటూ తిరిగితే గంట పోతుంది.

ఆదివారం వద్దు. సూర్యుడి గుడి కదా, ఆదివారం అరసవల్లిలో క్యూ ఎక్కడిదాకా ఉంటుందో చెప్పలేం. ఇంకోటి, సంక్రాంతి అయ్యాక అన్నారు, రథసప్తమి ఎప్పుడొచ్చిందో క్యాలెండర్ చూసుకోండి, కొన్నేళ్లు జనవరి ఆఖర్లోనే వస్తుంది. ఆ రెండు రోజులూ మీ అమ్మగారిని అక్కడికి తీసుకురావొద్దు. పండగ వెళ్లిన మొదటి ఆదివారం హైవే మీద తిరుగు ప్రయాణాల రద్దీ కూడా ఉంటుంది.

గైడు కావాలా అని అడిగారు. నేను డ్రైవర్‌ని మేడం. దారి తెలుసు, ఎక్కడ బాత్‌రూమ్ శుభ్రంగా ఉంటుందో తెలుసు, పెద్దవాళ్లని గుడి గేటు వరకు ఎలా తీసుకెళ్లాలో తెలుసు. శ్రీకూర్మంలో స్తంభం మీద శాసనం ఏమిటని మీ నాన్నగారు అడిగితే నేను చెప్పలేను. తెలిసినట్టు ఏదో ఒకటి చెబితే అది మాస్టారికి అన్యాయం. గైడుని పెట్టుకోండి. ఒకే మనిషి రెండు పనులూ చేస్తానంటే, మీరు శాలిహుండం కొండ మీద ఉన్నంతసేపూ కింద అమ్మగారి దగ్గర ఎవరుంటారు?

రాజాం కోడలు:

నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి ఏడ్చి, ఒకసారి మనసు నిండి వచ్చాను. మొదటిసారి మా అత్తమామలతో. "ప్రైవేట్ గైడెడ్ టూర్" అని మంచి డబ్బే తీసుకున్నారు. గైడు అని వచ్చిన అబ్బాయి బస్ స్టాండ్‌లో అనౌన్స్‌మెంట్ లాగా పేర్లూ తారీఖులూ చదివాడు. దారిలో చీరల కొట్టు దగ్గర, జీడిపప్పు కొట్టు దగ్గర ఆపి గంటన్నర పోగొట్టారు. చివరికి శాలిహుండం మలుపు దగ్గరికి వచ్చాక "టైమ్ అయిపోయింది, పైన ఏముంది లెండి, ఇటుకలు" అన్నాడు. మామయ్యగారు ఏమీ అనలేదు. కారు అద్దంలోంచి ఆ కొండనే చూస్తూ ఉండిపోయారు. మరుసటి ఏడు ఆయన లేరు. అందుకే చెబుతున్నాను, కొట్ల దగ్గర ఆపకూడదని ముందే గట్టిగా చెప్పండి.

రెండోసారి మా ఆడపడుచు పిల్లలతో వెళ్లినప్పుడు ప్యాకేజీ జోలికి పోలేదు. శ్రీకాకుళంలో కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఒక పెద్దాయన్ని తెలిసినవాళ్ల ద్వారా పట్టుకున్నాం. ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "మీలో ఎవరికి నడవడం కష్టం?" అని. రెండోది "పిల్లలకి ఏం ఇష్టం?" అని. గైడుని ఫోన్లో తెలుసుకోవడం ఎలా అన్నారు కదా, మీరు అడగడం కాదు, ఆయన మిమ్మల్ని ఏం అడుగుతారో చూడండి. ఏమీ అడక్కుండా రేటు మాత్రమే చెప్పేవాడైతే ఫోన్ పెట్టేయండి.

శాలిహుండంలో ఆయన చెప్పినది ఒకటి నేను మర్చిపోలేను. ఆ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారట. వాడుక భాష కోసం పోరాడిన మనిషి అని చదువుకున్నాం గానీ, శాసనాల వెంట కొండలు ఎక్కి తిరిగిన మనిషని నాకు అప్పటిదాకా తెలీదు. ఇప్పుడు మనం ఇక్కడ ఇలా మాట్లాడుకున్నట్టే రాసుకుంటున్నామంటే ఆయన వల్లే కదా.

మీ అమ్మగారికి మెట్లు లేని చోటు కావాలంటే ఖద్దరు నేసే పొందూరు ఆలోచించండి. చిలకపాలెం దగ్గర హైవే దిగి లోపలికి వెళ్లాలి. కళింగపట్నం తీసేసి ఇది పెట్టుకున్నా నష్టం లేదు. అక్కడ ఒకావిడ గుమ్మంలో కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. అరచేతిలో పట్టేంత దవడ, సన్నటి పళ్లు వరసగా, వాటి మధ్య నుంచి దూది లాగుతుంటే గింజకి అంటుకున్న నలుసులన్నీ దవడలోనే ఉండిపోయి పీచు మాత్రం పాలనురుగులా బయటికి వచ్చింది. మా పిల్ల నోరు తెరుచుకుని అరగంట చూసింది. ఆ దారం వడికి నేసిన పంచె ముట్టుకుంటే మీ నాన్నగారు వదలరు. ఆ మనుషుల పని చూడ్డానికి వెళ్తున్నారు కాబట్టి ముందు అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో తీయండి.

కూకట్‌పల్లి నుంచి:

అందరికీ చాలా థాంక్స్. ఏడు చోట్ల ప్యాకేజీ వద్దనుకున్నాం. కళింగపట్నమా, పొందూరా అని ఇంట్లో ఓటింగ్ పెడితే నాన్న కళింగపట్నం లైట్‌హౌస్ అన్నారు, అమ్మ పొందూరు అంది. వెళ్లి వచ్చాక రాస్తాను.

కూకట్‌పల్లి నుంచి (మూడు వారాల తర్వాత):

వెళ్లి వచ్చాం. మాట ఇచ్చాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మంగళవారం వెళ్లాం. ఐదున్నర అనుకుంటే ఆరయింది. కారు, గైడు వేరువేరుగా మాట్లాడుకున్నాం, గైడుగారు శ్రీకాకుళంలో ఎక్కారు. ఫోన్లో ఆయన అడిగిన మొదటి మాటే "అమ్మగారికి మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని. రాజాం అక్కా, మీరు చెప్పింది గుర్తొచ్చి వెంటనే సరే అన్నాను.

అరసవల్లిలో జనం లేరు, అమ్మ తృప్తిగా దణ్ణం పెట్టుకుంది. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి ఎండ స్వామి పాదాల మీద పడుతుందని పూజారిగారు ఎక్కడి నుంచి ఎక్కడికో వేలితో గీత గీసి చూపించారు. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు. నాన్న స్తంభాల మీద తెలుగు శాసనాలు చూసి కదల్లేదు. గైడుగారు ఒక వరస దగ్గర ఆగి ఒక్కో అక్షరం ఇప్పటి అక్షరంగా ఎలా మారిందో చెబుతుంటే నాన్న నోట్‌బుక్‌లో దింపుకున్నారు. ఆ గంట సేపూ అమ్మ నక్షత్ర తాబేళ్ల దగ్గరే ఉంది. ఒకటి మెల్లగా ఆకు కొరుకుతుంటే వీపు మీద పసుపు గీతలు లెక్కపెడుతూ కూర్చుంది, నొప్పుల మాటే ఎత్తలేదు.

శాలిహుండంలో అమ్మ కింద చెట్టు నీడన ఉండిపోయింది, డ్రైవర్ అన్న తోడున్నారు. మేము ముగ్గురం నెమ్మదిగా ఎక్కాం, నాలుగు చోట్ల ఆగాం. చక్రం ఆకారంలో కట్టిన ఇటుకల స్తూపం, అవతల వంశధార వెండి గీతలా. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంగి ఒక ఇటుక మీద చెయ్యి ఆనించి జానతో కొలిచారు, పొడుగు, వెడల్పు, మళ్లీ పొడుగు. "బోర్డు మీద చిన్నగా గీశానే" అన్నారు.

లైట్‌హౌస్ దాకా వెళ్లలేదు. దిగేసరికి రెండున్నర, గైడుగారే "పొందూరు చూడాలంటే ఇప్పుడే తిరగాలి" అన్నారు. నాన్నే సరే అన్నారు. అమ్మకి చీర దొరకలేదు గానీ నాన్నకి పంచె దొరికింది, ఆ రాత్రి హోటల్లోనే కట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న తొట్లకొండ, భీమిలి. ఏడున్నరకి సమాధుల దగ్గర ఉన్నాం. అక్షరాలు నిజంగానే లేచి కనిపించాయండి.

ఇప్పుడు నాన్న కొత్త ప్రశ్న వేస్తున్నారు. తూర్పు గాంగుల పాత రాజధాని శ్రీముఖలింగం చూడాలట, కళింగపట్నం బాకీ కూడా తీర్చాలట. ఈసారి శ్రీకాకుళంలోనే రాత్రి ఉంటే రెండూ హాయిగా అవుతాయా? పెద్దవాళ్లకి కింది అంతస్తులో గది ఇచ్చే చోటు ఏదైనా ఉంటే చెప్పండి.